పట్టర్ తల మారితే బంతి దారి మారుతుందా?

2021 ఆగస్టు 7. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల గోల్ఫ్ చివరి రోజు. అంతవరకు గోల్ఫ్ వైపు తొంగి చూడని మనవాళ్లు కూడా ఆ ఉదయం టీవీల ముందు కూర్చున్నారు. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ పతకానికి అంత చేరువగా వచ్చింది మరి. నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడాక ఆమె స్కోరు 269. రజతం, కాంస్యం అందుకున్న ఇద్దరి స్కోరు 268. ఒక్క దెబ్బ తేడాతో ఆమె నాలుగో స్థానంలో ఆగిపోయింది. బంతిని దూరంగా కొట్టడంలో పోటీలోని చాలామంది కంటే వెనకబడిన అదితిని అక్కడి దాకా తెచ్చినది గ్రీన్ మీద ఆమె నేర్పు. అంటే పట్టింగ్.

గోల్ఫ్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రతి హోల్ చివరా నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దాన్నే గ్రీన్ అంటారు. అందులో 108 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక గుంత. గ్రీన్ మీదికి చేరిన బంతిని ఆ గుంతలోకి దొర్లించడానికి వాడే కర్ర పట్టర్. 72 దెబ్బల్లో పూర్తిచేయాలని లెక్కకట్టిన మైదానంలో, హోల్‌కు రెండు చొప్పున 36 దెబ్బలు పట్టింగ్‌కే కేటాయిస్తారు. అంటే సరిగ్గా సగం. మూడు వందల మీటర్ల దెబ్బకూ, మూడు అంగుళాల తోపుడుకూ స్కోరు కార్డులో విలువ ఒకటే.

అందుకే ఈ కర్ర మీద జరిగినన్ని ప్రయోగాలు మరే గోల్ఫ్ కర్ర మీదా జరగలేదేమో. పాతకాలపు పట్టర్ తల సన్నని పట్టీలా ఉంటుంది. దాన్ని బ్లేడ్ అంటారు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది మ్యాలెట్. దీని తల వెనక్కి విస్తరించి, అర్ధచంద్రాకారంలోనో, రెక్కలతోనో, సాలీడు కాళ్ల లాంటి చట్రంతోనో ఉంటుంది. మన దగ్గర పదుల వేల రూపాయలు పలికే ఈ కర్రల మీద ‘ఎక్కువ క్షమాగుణం’, ‘మీ స్ట్రోక్‌కు సరిపోయేది’ వంటి మాటలు రాసి ఉంటాయి. మొదటి మాటలో నిజం ఉంది, అయితే అమ్మేవారు చెప్పే చోట కాదు. రెండో మాట ఆకారాన్ని బట్టి తేలేది కాదు. రెండింటినీ పదో తరగతి భౌతికశాస్త్రంతో పరీక్షించవచ్చు.

కావడి చెప్పే పాఠం

కావడి మోసేవారిని గమనించారా? నీళ్లు నిండిన రెండు కుండలు బద్దకు చెరో కొసనా వేలాడుతుంటాయి. ఆ మనిషి గిరుక్కున వెనక్కి తిరగలేడు. తిరగడం మొదలుపెడితే వెంటనే ఆపలేడు కూడా. అవే రెండు కుండలను ఒంటికి ఆనించి పట్టుకుంటే తిరగడం సులువు. బరువు మారలేదు, బరువు ఉన్న చోటు మారింది. తిరగడానికి వస్తువు చూపే ఈ మొండితనమే జడత్వ భ్రామకం. ద్రవ్యరాశిని, ఇరుసు నుంచి దాని దూరపు వర్గంతో గుణిస్తే ఇది వస్తుంది. దూరం వర్గంలో ఉండటమే ఇక్కడ కీలకం.

పట్టర్ తలలో 150 గ్రాముల ముద్దలు రెండు ఉన్నాయనుకుందాం. కేంద్రం నుంచి చెరో మూడున్నర సెంటీమీటర్ల దూరంలో పెడితే జడత్వ భ్రామకం 3,675 గ్రాము-చదరపు సెంటీమీటర్లు. అవే ముద్దలను చెరో ఐదు సెంటీమీటర్లకు జరిపితే 7,500. ఒక్క గ్రాము కూడా కలపకుండానే రెట్టింపయింది. మ్యాలెట్ తల అంత వెడల్పుగా, మధ్యలో బోలుగా, అంచుల్లో బరువుగా ఉండటానికి కారణం ఇదే. అది అలంకారం కాదు.

ఈ ఆలోచనను గోల్ఫ్‌లో పాతుకునేలా చేసినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మెకానికల్ ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ, తన పట్టింగ్ బాగోలేదన్న విసుగుతో 1959లో ఇంటి గ్యారేజీలో సొంత పట్టర్ తయారుచేశాడు. బరువును మధ్యలోంచి తీసి రెండు కొసలకూ పంచాడు. బంతి తగిలినప్పుడు అది చేసే శబ్దాన్ని బట్టి దానికి ‘పింగ్’ అని పేరు పెట్టాడు. ఆయనది మ్యాలెట్ కాదు, బ్లేడే. కానీ నేటి మ్యాలెట్లు ఆయన సూత్రాన్నే వెనుకవైపుకూ విస్తరించాయి.

ఇంతకీ ఈ మొండితనం వల్ల లాభమేమిటి? క్రికెట్ బ్యాటు పట్టినవారికి వివరించి చెప్పనక్కర్లేదు. బంతి బ్యాటు నడుమ తగిలితే చేతికి ఏమీ తెలియదు. అంచున తగిలితే బ్యాటు చేతిలో తిరుగుతుంది, బంతి చచ్చిపడుతుంది. బంతికి అందాల్సిన శక్తిలో కొంత బ్యాటును తిప్పడానికి ఖర్చయిపోవడమే దీనికి కారణం. పట్టర్‌లోనూ అంతే. లెక్క వేసి చూద్దాం. తల బరువు 350 గ్రాములు, బంతి బరువు 46 గ్రాములు, బంతి తగిలిన చోటు నడిమికి ఒకటిన్నర సెంటీమీటర్ల పక్కన. జడత్వ భ్రామకం 4,000 ఉన్న బ్లేడ్‌తో కొడితే బంతి వేగం దాదాపు 2.2 శాతం తగ్గుతుంది. 8,000 ఉన్న మ్యాలెట్‌తో 1.1 శాతమే. పచ్చిక మీద బంతి దొర్లే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దూరంలో నష్టం ఇంకా ఎక్కువ. పది మీటర్ల పట్ బ్లేడ్‌తో 44 సెంటీమీటర్లు, మ్యాలెట్‌తో 23 సెంటీమీటర్లు ముందే ఆగిపోతుంది. తర్వాతి పట్ జానెడు దూరంలో ఉండటానికీ, మూరెడు దూరంలో ఉండటానికీ తేడా ఆటగాళ్లకు బాగా తెలుసు.

ఇక దిశ సంగతి. అంచున తగిలితే తల తిరిగి బంతి పక్కకు పోతుందని, మ్యాలెట్ దాన్ని అడ్డుకుంటుందని చాలామంది నమ్మకం. లెక్క మరోలా చెబుతోంది. బంతి, పట్టర్ ముఖం తాకి ఉండేది ఒక మిల్లీసెకను లోపే. పైన చెప్పిన బ్లేడ్ ఆ కాస్త వ్యవధిలో తిరిగేది డిగ్రీలో పదో వంతు లోపే. ముఖం మెలితిరిగినట్టు చేతికి తెలిసే సరికి బంతి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి మ్యాలెట్ చూపే క్షమాగుణం ప్రధానంగా దూరం విషయంలోనే. నడిమిన కొట్టలేక, దూరపు పట్‌లు ఒకసారి పొట్టిగా ఒకసారి పొడుగ్గా పోయేవారికి అది నిజమైన సాయం. నడిమినే కొడుతూ కుడికో ఎడమకో తప్పేవారికి దీని వల్ల ఒరిగేది చాలా తక్కువ.

ఒక్క డిగ్రీ

మరి కుడికీ ఎడమకీ తప్పడం దేనివల్ల? మూడు మీటర్ల దూరంలో ఉన్న గుంతను తీసుకుందాం. నడిమి నుంచి దాని అంచు 54 మిల్లీమీటర్లు. చదునైన నేల మీద బంతి ఒక డిగ్రీ పక్కకు బయలుదేరితే మూడు మీటర్లు పోయేసరికి దాదాపు 52 మిల్లీమీటర్లు తప్పుతుంది. అంటే అంచు మీదికి వచ్చేసింది. గడియారంలో నిమిషాల ముల్లు పది సెకన్లలో కదిలే కోణం ఒక డిగ్రీ. అంతే తేడా.

ఆ డిగ్రీ ఎక్కడి నుంచి వస్తుందో నార్వేలో యోన్ కార్ల్‌సెన్, జెరాల్డ్ స్మిత్, జానీ నిల్సన్ అనే పరిశోధకులు కొలిచారు. 71 మంది ఉన్నతస్థాయి ఆటగాళ్ల పట్టింగ్‌ను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. బంతి బయలుదేరే దిశలోని నిలకడను నిర్ణయించేది 80 శాతం పట్టర్ ముఖం చూసే కోణమే. పట్టర్ ప్రయాణించే దారి వాటా 17 శాతం. ముఖం మీద బంతి తగిలిన చోటుది కేవలం 3 శాతం. చేతి లెక్కతో మనకు తేలినదాన్ని ఈ మూడు శాతం సమర్థిస్తోంది.

అదే అధ్యయనంలో ఇంకో సంఖ్య ఉంది. ఆ ఆటగాళ్ల స్ట్రోక్ దిశలోని చెదురు 0.39 డిగ్రీలు. నాలుగు మీటర్ల పట్‌లలో సుమారు 95 శాతం గుంతలో పడటానికి ఈ నిలకడ చాలని పరిశోధకులు తేల్చారు. నిజానికి ఆ దూరం నుంచి మేటి ఆటగాళ్లు కూడా అన్ని పట్‌లు వేయలేరు. అంటే తప్పుల్లో ఎక్కువ భాగం చేతిలో లేదు. నేల వాలును చదవడంలో, గురి పెట్టడంలో, వేగాన్ని అంచనా వేయడంలో ఉంది. కొత్త పట్టర్ కొనబోయే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది. అయితే ఆ 71 మంది మేటి ఆటగాళ్లు. వారాంతాల్లో ఆడేవారి చెదురు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. వారి విషయంలో పట్టర్ ముఖం ఎటు చూస్తోందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. స్ట్రోక్‌కు తగిన పట్టర్ అనే మాటకు అర్థం దొరికేది ఇక్కడే.

వాలిన లోలకం

పట్టింగ్‌ను లోలకంతో పోల్చడం పరిపాటి. భుజాల నడుమ ఇరుసు, చేతులూ కర్రా కలిసి ఊగే కడ్డీ. కానీ ఈ లోలకం నిట్టనిలువుగా ఊగదు. పట్టర్ షాఫ్ట్ నిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలని గోల్ఫ్ నియమం. మామూలుగా అమ్మే పట్టర్లలో ఆ వాలు 20 డిగ్రీల దాకా ఉంటుంది. కాళ్ల నడుమ నుంచి నిలువుగా ఊపి కొట్టే పద్ధతిని 1960లలో శామ్ స్నీడ్ వంటి మేటి ఆటగాడు వాడితే, 1968లో దాన్ని నిషేధించారు. ఆట కాస్త కష్టంగానే ఉండాలన్నది పెద్దల కోరిక కాబోలు.

వాలిన తలంలో ఊగే వస్తువును పైనుంచి చూస్తే దాని దారి తిన్నగా కనబడదు, విల్లులా వంగి కనిపిస్తుంది. ఇరుసు నుంచి తల దాకా 1.3 మీటర్లు, వెనక్కి తీసుకెళ్లిన దూరం 25 సెంటీమీటర్లు అనుకుంటే, తల ఎనిమిది మిల్లీమీటర్లు ఆటగాడి వైపు జరుగుతుంది. ముఖం గురి రేఖతో పోలిస్తే దాదాపు 4 డిగ్రీలు తెరుచుకుంటుంది. కుడిచేతి ఆటగాడి విషయంలో ముఖం లక్ష్యానికి కుడివైపు చూస్తే తెరుచుకోవడం, ఎడమవైపు చూస్తే మూసుకోవడం. గమనించండి, ఇక్కడ మణికట్టు తిప్పడం ఏమీ లేదు. ఇది కేవలం రేఖాగణితం. కాబట్టి ‘తిన్నగా వెనక్కి, తిన్నగా ముందుకి’ కొట్టేవారే ముఖాన్ని నిటారుగా ఉంచడానికి చేతులతో సరిదిద్దుతున్నారన్నమాట. అది తప్పు కాదు. అలా కొట్టి గెలిచినవారు ఉన్నారు. కానీ ఏది సహజం, ఏది సవరణ అన్న విషయంలో ప్రచారం సాధారణంగా తలకిందులుగా ఉంటుంది.

కొందరు ఈ నాలుగు డిగ్రీలకు తోడు ముంజేతులను కూడా తిప్పుతారు. వారి విల్లు బాగా వంగినది. కొందరిది దాదాపు సరళరేఖ. పట్టర్‌ను దీనికి జతపరిచేది తల ఆకారం కాదు, తలకు షాఫ్ట్ అతికిన చోటు.

ఏ పట్టర్‌నైనా తీసుకుని, దాని షాఫ్ట్‌ను చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టండి. తల తనంతట తాను తిరిగి ఒక భంగిమలో ఆగుతుంది. ముఖం ఆకాశం వైపు చూస్తే దాన్ని ఫేస్ బ్యాలెన్స్‌డ్ అంటారు. ఆటగాడికి దూరంగా ఉండే కొసను టో అంటారు. ఆ కొస నేలవైపు వేలాడితే అది టో హ్యాంగ్. తల ద్రవ్యరాశి కేంద్రం షాఫ్ట్ రేఖకు టో వైపు ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ వేలాడుతుంది. బ్లేడ్‌లలో ఇది మామూలు. మ్యాలెట్లలో ఫేస్ బ్యాలెన్స్‌డ్ ఎక్కువ. కానీ ఒకే మ్యాలెట్ తలను వంగిన మెడతో, పొట్టి మెడతో, నడిమిన అతికిన షాఫ్ట్‌తో వేర్వేరుగా అమ్ముతారు. మెడ మారితే వేలాడే కోణం మారిపోతుంది. ‘మ్యాలెట్ తిన్నని స్ట్రోక్‌కు, బ్లేడ్ వంపు స్ట్రోక్‌కు’ అనే పాత సలహా అందుకే నిలవదు.

వేలాడే తల చేతిలో చేసే పని ఏమిటంటే, పట్టర్‌ను వెనకనుంచి ముందుకు తోస్తున్నప్పుడు, షాఫ్ట్‌కు దూరంగా ఉన్న బరువు వెనకబడుతుంది. ముఖం తెరుచుకుంటుంది. తోపు తగ్గి చేతులు నెమ్మదించినప్పుడు అదే బరువు ముందుకు సాగుతుంది. ముఖం మూసుకుంటుంది. 350 గ్రాముల తలలో కేంద్రం రెండు సెంటీమీటర్లు పక్కకు ఉండి, త్వరణం సెకనుకు సెకనుకు 5 మీటర్లు అయితే షాఫ్ట్‌ను తిప్పే బలం, పది సెంటీమీటర్ల పుల్ల కొసన 36 గ్రాములు వేలాడదీసినంత. ఒక నిమ్మకాయ బరువు. చేతులకు లెక్కలోనిది కాదు. కానీ మనం కాపాడుకోవలసినది ఒక్క డిగ్రీ అని మరిచిపోకూడదు.

దీన్నిబట్టి వంపు స్ట్రోక్ ఉన్నవారికి కొంత టో హ్యాంగ్ ఎందుకు నప్పుతుందో తెలుస్తుంది. ముఖం ఎలాగూ తెరుచుకుని మూసుకోవాలి, తల ఆ పనిలో కలిసి వస్తుంది. ముఖాన్ని కదలనివ్వనివారికి ఆ బరువు అడ్డు. మరో సంగతి కూడా ఉంది. దారి వంపు ఒక్కటే చూస్తే సరిపోదు, లయను కూడా చూడాలి. బంతిని తాకే క్షణంలో ఇంకా తోస్తూ ఉండేవారి చేతిలో వేలాడే తల తెరుచుకునే వైపు మొగ్గుతుంది. అప్పటికే తోపు ఆపినవారి చేతిలో మూసుకునే వైపు మొగ్గుతుంది. ఒకే వంపు ఉన్న ఇద్దరు ఆటగాళ్లకు ఒకే పట్టర్ నప్పకపోవడానికి ఇదొక కారణం. దుకాణంలో ‘మీది వంపా, తిన్ననా?’ అని అడిగి ఊరుకునేవారు ఈ రెండో ప్రశ్నను వదిలేస్తున్నారు.

ఈ మధ్య వచ్చిన మూడో రకం జీరో టార్క్ పట్టర్లు. వీటిలో షాఫ్ట్ రేఖ సరిగ్గా ద్రవ్యరాశి కేంద్రం గుండా పోతుంది. నిట్టనిలువుగా నిలబెట్టిన ద్వారబంధానికి బిగించిన తలుపును ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది కదా, ఇదీ అంతే. ద్వారబంధం కాస్త వాలితే తలుపు తనంతట తాను తెరుచుకోవడమో మూసుకోవడమో చేస్తుంది. మిగతా పట్టర్లు ఆ వాలిన ద్వారబంధాల వంటివి. 2025 యూఎస్ ఓపెన్‌లో జె.జె. స్పాన్ చివరి గ్రీన్ మీద 64 అడుగుల పట్ వేసి గెలిచినది ఈ రకం మ్యాలెట్‌తోనే. ఆ మర్నాటి నుంచి దుకాణాల్లో వాటిని అడిగేవారికి కొదవ లేదు. అయితే తలుపు తనంతట కదలకపోవడం వేరు, దాన్ని సరిగ్గా మూయడం వేరు. ముఖాన్ని నిటారుగా తెచ్చే పని చేతులదే. తిప్పే అలవాటు బలంగా ఉన్నవారికి ఈ తల చేతిలో ఏ సమాచారమూ ఇవ్వని మొద్దులా అనిపించవచ్చు.

కంటికి కట్టే గీతలు

మ్యాలెట్‌కు ఉన్న మరో ప్రయోజనం భౌతికశాస్త్రానిది కాదు, కంటిది. తల వెడల్పుగా ఉంటే గురి గీతలు గీయడానికి చోటు ఉంటుంది. నాసాలో పనిచేసి గోల్ఫ్ వైపు వచ్చిన డేవ్ పెల్జ్ 1980లలో ముఖం వెనుక మూడు బంతుల బొమ్మలు వరుసగా ఉన్న పట్టర్ చేశాడు. ముఖం నుంచి వెనక్కి ఉన్న పొడవు పక్కల వెడల్పును మించిందని అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని ఒప్పుకోలేదు. తర్వాత 2001లో ఒడిస్సీ కంపెనీ రెండు బంతుల బొమ్మతో తెచ్చిన పట్టర్ నియమాలకు లోబడింది, విపరీతంగా అమ్ముడుపోయింది. నియమం ఇప్పటికీ అదే. తల వెడల్పు ఏడు అంగుళాలు దాటకూడదు, ముందు వెనకల పొడవు ఆ వెడల్పును మించకూడదు.

మ్యాలెట్‌కు నిషేధాల చరిత్ర ఇంకా పాతది. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికన్, నడిమిన షాఫ్ట్ అతికిన స్కెనెక్టడీ అనే మ్యాలెట్‌తో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. దాన్ని రూపొందించిన ఆర్థర్ నైట్ కూడా జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగే కావడం విచిత్రం. 1910లో బ్రిటన్‌లోని గోల్ఫ్ పాలకులు ఆ రకం పట్టర్లను నిషేధించారు. అమెరికా ఆ నిషేధాన్ని పట్టించుకోలేదు. నలభై ఏళ్ల దాకా అట్లాంటిక్‌కు ఒక ఒడ్డున చెల్లిన కర్ర మరో ఒడ్డున చెల్లలేదు.

గీతలు అందరికీ ఒకేలా పనిచేయవు. ఒకే పట్టర్‌ను ఒకరు గుంతకు కుడివైపు, మరొకరు ఎడమవైపు గురిపెట్టి ‘తిన్నగా ఉంది’ అని నమ్ముతారు. పొడవాటి గీత కొందరికి దారి చూపుతుంది, కొందరిని తికమక పెడుతుంది. ముఖానికి చిన్న అద్దం అంటించి, గుంత దగ్గర నుంచి లేజర్ కిరణం పంపితే అది ఎటు తిరిగి వస్తుందో చూసి ఈ పొరపాటును కొలవవచ్చు. కిరణం కంట పడకుండా జాగ్రత్తపడాలి సుమా.

ఒక విజయాన్ని ఎలా చదవాలి?

2024 మార్చిలో ప్రపంచ నంబర్ వన్ స్కాటీ షెఫ్లర్ బ్లేడ్ వదిలి మ్యాలెట్ పట్టాడు. అంతకు ముందు నెలలో టీవీ వ్యాఖ్యానంలో రోరీ మెకల్‌రాయ్ ఆయన మ్యాలెట్ వాడి చూస్తే బాగుంటుందని అన్నాడు కూడా. పట్టింగ్‌లో తడబడుతున్న షెఫ్లర్ ఆ మ్యాలెట్‌తో వరుసగా రెండు వారాలు రెండు పెద్ద పోటీలు గెలిచాడు. ఏప్రిల్‌లో మాస్టర్స్, ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కావాలి. షెఫ్లర్ అంతకు కొన్ని నెలల ముందే ఫిల్ కెన్యన్ అనే పట్టింగ్ శిక్షకుడి దగ్గర సాధన మొదలుపెట్టాడు. రెండు మార్పులు కలిసి జరిగినప్పుడు ఫలితాన్ని ఒకదానికే కట్టబెట్టలేం. పైగా బాగా పడిపోయిన అంకె ఏదైనా తర్వాత కొంత తనంతట తానే పైకి వస్తుంది. ఇది గణాంకశాస్త్రంలో తెలిసిన సంగతే. మ్యాలెట్ ఆయనకు సాయపడి ఉండవచ్చు, బహుశా గురి పెట్టడంలో. కానీ ఆయన పట్టర్ మీ చేతిలో ఏం చేస్తుందో ఆ ట్రోఫీలు చెప్పవు.

అది చెప్పగలిగినవి మీ పట్‌లే. ఇంట్లో చదునైన గచ్చు మీద పలచని తివాచీ పరిస్తే చాలు. పట్టర్ ముఖం మీద టాల్కం పౌడర్ అద్ది ఇరవై బంతులు కొట్టండి. గుర్తులన్నీ ఒక రూపాయి బిళ్లంత చోట పడితే మీకు జడత్వ భ్రామకం పెద్ద సమస్య కాదు. ఎక్కువ భ్రామకం ఉన్న తలకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. ముఖమంతా చెదిరితే వెడల్పాటి మ్యాలెట్ మీ కోసమే. తర్వాత బంతికి ముందు అర మీటరు దూరంలో రెండు నాణేలను, బంతి మాత్రమే పట్టేంత సందుతో పెట్టండి. బంతి ఏ నాణేన్ని తాకుతుందో రాసుకోండి. ఎప్పుడూ ఒకే వైపు తాకితే అది గురిలోనో, టో హ్యాంగ్‌లోనో లోపం కావచ్చు. మెడ మారిస్తే మారుతుందేమో చూడాలి. రెండు వైపులా తాకితే అది సాధనతో బాగుపడాల్సినదే. పైనుంచి ఎవరైనా ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే వంపు, లయ రెండూ కనిపిస్తాయి.

దుకాణంలో రెండు పట్టర్లను పోల్చేటప్పుడు ఒకదానితో ఇరవై, తర్వాత ఇంకోదానితో ఇరవై కొట్టకండి. చేయి అలవాటుపడ్డాక వచ్చిన రెండోది ఎప్పుడూ మంచిదిగా కనిపిస్తుంది. ఐదేసి చొప్పున మార్చి మార్చి కొట్టండి. ఒకదానితో ఇరవైలో పన్నెండు, మరోదానితో పద్నాలుగు పడితే రెండోది మెరుగని అనుకోవద్దు. అంత తేడా నాణెం ఎగరేసినా వస్తుంది. ఇరవై ఇరవై పోటీలో ఆరేడు బంతుల తేడా కనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

చివరగా మన మైదానాల మాట. దక్షిణాదిలో గ్రీన్‌ల మీద ఎక్కువగా బెర్ముడా జాతి గడ్డి. టీవీలో చూసే టోర్నమెంటు గ్రీన్‌లంత వేగం చాలాచోట్ల ఉండదు. ఆ వేగాన్ని కొలిచే పరికరం స్టింప్‌మీటర్. 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చూసిన ఎడ్వర్డ్ స్టింప్‌సన్ దానికి ఆద్యుడు. స్పాన్ గెలిచినది కూడా ఆ మైదానంలోనే. వాలుగా ఎత్తిన గాడిలోంచి వదిలిన బంతి ఎన్ని అడుగులు దొర్లితే గ్రీన్ వేగం అంత. ఎనిమిది అడుగుల గ్రీన్ మీద పది మీటర్ల పట్‌కు, పదకొండు అడుగుల గ్రీన్ మీద కంటే సుమారు 17 శాతం ఎక్కువ వేగంతో బంతి బయలుదేరాలి. దానికి పట్టర్‌ను ఇంకాస్త వెనక్కి తీసుకెళ్లాలి. వెనక్కి వెళ్లేకొద్దీ విల్లు వంపు, ముఖం తెరుచుకునే కోణం పెరుగుతాయి. విమానం దిగి వచ్చిన పట్టర్‌ను ఏసీ దుకాణంలోని నున్నటి కృత్రిమ పచ్చిక మీద చిన్న చిన్న పట్‌లతో పరీక్షిస్తే కనిపించే స్ట్రోక్ ఒకటి, ఆదివారం ఉదయం మంచు తడి ఆరని గ్రీన్ మీద కనిపించే స్ట్రోక్ ఇంకొకటి. వీలైతే రెండు రోజులకు అరువడిగి, మీరు ఆడే గడ్డి మీదే కొట్టి చూడండి.